నల్లరాయి తల్లి, తెల్లరాయి బిడ్డ

తెలుగుదేశంలో పుట్టినవాడికి రాయి కొత్త కాదు. వంటింట్లో సన్నికల్లు, పెరట్లో రుబ్బురోలు, చెరువు దగ్గర చాకిరేవు బండ, వీధి చివర గుడిమెట్లు, ఊరి చివర పొలిమేర రాయి — పుట్టింది మొదలు రాళ్ళ మధ్యనే తిరుగుతాం. పెళ్ళిలో సైతం సన్నికల్లు తొక్కనిదే తంతు పూర్తి కాదు. ఇంత చనువున్న వస్తువును మాత్రం, "అమ్మా, నువ్వెప్పుడు పుట్టావు? ఎలా పుట్టావు?" అని అడిగినవాళ్ళు అరుదు. మొదటినుంచీ అక్కడే ఉందనుకుంటాం. నేల అంటే ఎప్పుడూ ఉన్నదే కదా!

కాదట. నేల కూడా పుట్టిందట. పుట్టి, పిల్లవాడు ఎదిగినట్టు ఎదిగిందట. ఆ ఎదుగుదల ఆనవాళ్ళు హైదరాబాదు నుంచి కోలారు దాకా దారి పొడుగునా పడి ఉన్నాయట. ఈ మాట చెప్పినవారు మా బావగారు. భూగర్భశాస్త్రం చదివి, ముప్పై ఏళ్ళు సుత్తి పట్టుకుని కొండలెక్కి, పదవీ విరమణ చేసి కూడా సుత్తి వదలని మనిషి. కిందటి శీతకాలంలో పిల్లల సెలవులకు మేమంతా బెంగుళూరు ప్రయాణం పెట్టుకుంటే, "రైలెందుకు? కారులో పోదాం. దారిలో మీకు భూదేవి జాతకం చదివి వినిపిస్తాను" అన్నారు. మా ఆవిడ మాత్రం, ఆయన దారిలో ఏరే రాళ్ళ బరువుకు కారు నిలుస్తుందా అని లోలోపల బెంగపెట్టుకుంది.

కొండ కాదు, నేలమాళిగ

ముందు రోజు సాయంకాలం గోలకొండకు తీసుకువెళ్ళారు. మేము కోట చూడడానికి వెళ్ళామనుకున్నాం. ఆయన గోడ పక్కన బండ దగ్గరే ఆగిపోయారు.

"చూడోయ్ బావమరిదీ, ఈ రాతిలో ఎన్ని రంగులున్నాయో?"

దగ్గరగా చూస్తే మూడు కనిపించాయి. గాజుపెంకులా మెరిసేది ఒకటి, అది క్వార్ట్జ్. బూడిద, గులాబి రంగుల్లో పలకలుగా ఉన్నది ఫెల్‌స్పార్. మధ్యమధ్య మిరియం పొడి చల్లినట్టున్నది నల్ల అభ్రకం. మూడూ కలిస్తే గ్రానైటు. పలుకు పలుకూ విడిగా కంటికి కనిపిస్తున్నదంటే, కరిగిన రాయి చాలా నెమ్మదిగా చల్లారిందన్నమాట. పాకం నెమ్మదిగా ఆరితే పెద్ద కలకండ పలుకులు కడతాయి చూడండి, అలాగే. అంత నెమ్మదిగా చల్లారాలంటే పైన కిలోమీటర్ల మందాన మరో రాయి కప్పి ఉండాలి. ఆ కప్పు అంతా కోట్ల ఏళ్ళ వానకూ గాలికీ అరిగి పోయింది. కనుక మనం శిఖరమనుకుని ఎక్కిన గోలకొండ రాయి ఒకనాడు భూమికి నేలమాళిగ!

"దీని వయస్సు సుమారు 250 కోట్ల ఏళ్ళు," అన్నారు బావగారు.

మా ఆవిడ అందుకుంది: "భూమి వయస్సు 450 కోట్ల పైచిలుకని పిల్లల పుస్తకంలో ఉంది అన్నయ్యగారూ. మరి ఆ ముందటి 200 కోట్ల ఏళ్ళూ ఇక్కడేముండేది?"

"అదేనమ్మా అసలు ప్రశ్న. దానికోసమే ఈ ప్రయాణం."

మావాడు ఊరుకోలేదు. బడివాళ్ళతో వికారాబాదు దగ్గరి అనంతగిరి వెళ్ళినప్పుడు ఆ దిక్కున నల్లరాయి చూశాడట. ముందున్నది అదేనా మామయ్యా అన్నాడు. కాదట. ఆ పడమటి నల్లరాయి దక్కను లావా. నిన్నగాక మొన్నటిది, వయస్సు 6.6 కోట్ల ఏళ్ళే. గ్రానైటు నేల ఎదిగి, ముదిరి, అరిగిన తరవాత ఎప్పుడో దాని మీద పారింది. అందులో కొన్ని ప్రవాహాలు పడమటి కనుమల వైపునుంచి సుమారు వెయ్యి కిలోమీటర్లు వచ్చి రాజమహేంద్రవరం దగ్గర ఆగాయి. అక్కడి కాటేరు క్వారీలలో ఇవాళా ఆ రాయి చూడవచ్చు. "అది ఇల్లు కట్టాక వేసిన గచ్చురా అబ్బాయ్! మనకు కావలసింది పునాదిలోని నల్లరాయి," అన్నారాయన.

రెండు చేతుల తక్కెడ

మర్నాడు తెల్లవారుజామున బయల్దేరాం. పాలమూరు జిల్లా అంతా గుండ్లే. ఎవరో పేర్చి పెట్టినట్టు ఒకదానిమీద ఒకటి. పేర్చింది ఎవరూ కాదు. బండలో పగుళ్ళు పడి, ఆ పగుళ్ళలో నీరు దిగి, మూలలు ముందు చివికి, నలుపలకల రాయి గుండుగా మారింది. కృష్ణ దాటి కర్నూలు చేరితే దేశం వేషం మార్చింది. నాపరాళ్ళ రాజ్యం, ఇళ్ళ గోడలూ నాపరాయే, అరుగులూ నాపరాయే. ఇది ఒకనాటి లోతులేని సముద్రం అడుగున పేరుకున్న సున్నపు మట్టి. గ్రానైటు మీద పరిచిన చాప లాంటిది. గుత్తి దగ్గరికి వచ్చేసరికి చాప చివర దాటాం. కోట మోసుకుని గ్రానైటు మళ్ళీ లేచి నిలబడింది.

అనంతపురం దాటి, పెనుకొండ చేరేలోగా పడమటికి తిరిగి రామగిరి వెళ్ళాం. గాలిమరలు తిరుగుతున్న కొండలు. ఇక్కడ ఒకప్పుడు బంగారు గని ఉండేది. ఇప్పుడు పని లేదు. చుట్టూ కనుచూపు మేర గ్రానైటు, మధ్యన సన్నటి పట్టీగా, చీరకు అంచు కుట్టినట్టు, నలుపూ ఆకుపచ్చా కలిసిన రాయి. బావగారి ముఖం వెలిగింది.

ఆయన అరచేతిలో పట్టేంత నల్లరాయి ఒకటి, అంతే పరిమాణం గల గ్రానైటు ముక్క ఒకటి ఏరి మా ఆవిడ రెండు చేతుల్లో పెట్టారు. "కళ్ళు మూసుకుని చెప్పమ్మా, ఏది బరువు?"

ఆడవాళ్ళ చేతులకు తక్కెడతో పని లేదు. "నల్లది," అంది వెంటనే.

లెక్క అదే. నీటికి ఒకటైతే గ్రానైటుకు సుమారు 2.7, నల్లరాయికి 3. వీటికి అడుగున భూగర్భంలో ఉన్న రాతికి 3.3. ఈ మూడు అంకెల్లోనే ఖండాల రహస్యమంతా ఉంది. పాలమీద మీగడ తేలినట్టు తేలికరాయి బరువురాతి మీద తేలుతుంది. ఖండాల కింద తేలిక పొర 35, 40 కిలోమీటర్ల మందం. అందుకే నేల సముద్రం కంటే ఎత్తుగా నిలిచి ఉంది. సముద్రాల అడుగున ఉన్నది నల్లరాయి. మందం 7 కిలోమీటర్లు. అది చల్లారి బరువెక్కి, ఏనాటికైనా మళ్ళీ లోపలికి కుంగిపోవలసిందే. ఇవాళ మహాసముద్రాల అడుగున ఎంత వెదికినా సుమారు 20 కోట్ల ఏళ్ళకు మించిన రాయి నిలిచి లేదు. తేలికైన గ్రానైటు మునగదు కనుక 250 కోట్ల ఏళ్ళ గోలకొండ మనకు మిగిలింది.

"అయితే ఈ నల్లరాయి సముద్రపు అడుగా బావగారూ?" అన్నాను.

"ఈ జాతి రాయి చాలాచోట్ల సముద్రం కింద పారిన లావాయే. కుంగిపోకుండా గ్రానైటుల మధ్య ఇరుక్కుని మిగిలిన తునకలివి. ఒకప్పుడు ఇలాంటివి ఎంతెంత ఉండేవో! ఉన్నదంతా ఏమైందంటావు? కొంత లోపలికి పోయింది. కొంత కరిగి గ్రానైటుకు తల్లి అయింది."

పూస మిగిలి, నెయ్యి జారినట్టు

నల్లరాయి కరిగితే నల్లరాయే రావాలి గాని తెల్లగా ఎలా వస్తుందని మా అమ్మాయి సందేహం. దారిలో కాఫీ హోటలు దగ్గర ఆగినప్పుడు బావగారు జవాబు చెప్పారు.

చలికాలంలో పూస కట్టిన నెయ్యి గిన్నెను పొయ్యి పక్కన పెట్టండి. అంతా ఒక్కసారి కరగదు. కొంత నూనెలా తేరుతుంది. పూస అడుగున మిగులుతుంది. గిన్నె వంచితే తేరినది వేరుగా వస్తుంది. రాయీ అంతే. లోతుకు వెళ్ళిన నల్లరాయి వేడికి పూర్తిగా కరగదు. ముందు కరిగే భాగంలో సిలికా, సోడియం ఎక్కువ. ఇనుము, మెగ్నీషియం తక్కువ. అందుచేత అది తెల్లగా, తేలికగా ఉంటుంది; పైకి ఎగబాకుతుంది. అడుగున మిగిలిన మడ్డి బరువెక్కి కుంగుతుంది. నల్లరాతిలో సగం పాళ్ళు సిలికా అయితే, గ్రానైటులో నూటికి 70 పాళ్ళు.

దీనికి ఒక దినుసు తప్పనిసరి: నీళ్ళు. సముద్రం కింద పడి ఉన్నంతకాలం నల్లరాయి తడి పీల్చుకుంటుంది. ఆ తడితోనే లోపలికి దిగుతుంది. తడి ఉన్న రాయి తక్కువ వేడికే కరుగుతుంది. సౌరకుటుంబంలో గ్రానైటు ఖండాలున్న గ్రహం, మనకు తెలిసినంతలో, భూమి ఒక్కటే; సముద్రాలు నిండుగా ఉన్న గ్రహమూ ఇదొక్కటే. సముద్రం లేకపోతే నేల లేదన్నమాట! సముద్రం నేలను మింగుతుందని వింటూ వచ్చినవాళ్ళం. సముద్రమే నేలను కన్నదని ఆ హోటలు బల్ల దగ్గర తెలిసింది.

లాల్‌బాగ్ బండమీద

బెంగుళూరులో బంధువుల ఇంట బసచేసి, పొద్దున్నే లాల్‌బాగ్ వెళ్ళాం. అందరూ పువ్వులు చూడడానికి పోతారు. మేము తోట మధ్యనున్న పెద్ద బండ ఎక్కాం. పైన కెంపేగౌడ కట్టించాడని చెప్పే గోపురం. నడక ముగించిన పెద్దలు బండమీద కూర్చుని రాజకీయాలు మాట్లాడుకుంటున్నారు. పిల్లలు జారుతున్నారు. పక్కన ఫలకం ఉంది: ఇది జాతీయ భూగర్భ స్మారకం, వయస్సు 300 కోట్ల ఏళ్ళని. దాని ముందు ఆగి చదివినవారు మేమున్నంతసేపూ మేమే.

ఈ రాయి గ్రానైటులా ఉంటూనే గ్రానైటు కాదు. తెలుపూ నలుపూ చారలు, మెలికలు, మడతలు. పిండి వంటకు రెండు రంగుల పిండి కలిపి మెలిపెట్టినట్టుంది. దీనిని నైస్ అంటారు. మైసూరు సంస్థానపు భూగర్భశాఖలో పనిచేసిన స్మీత్ అనే ఆయన 1916లో ఈ జాతి రాళ్ళకు ద్వీపకల్ప నైస్ అని పేరు పెట్టాడు. దక్షిణాదిన చాలా భాగానికి ఇదే పీట. నల్లరాయి కరిగి మొదట పుట్టిన తెల్లరాయి ఇది. సోడియం ఎక్కువ, పొటాషియం తక్కువ. తరవాత ఒత్తిడికీ వేడికీ చారలు తేలింది. ఇది మళ్ళీ కరిగితే పొటాషియం దండిగా ఉన్న గులాబి గ్రానైటు వస్తుంది. బెంగుళూరుకు నైరుతి దిక్కున రామనగరం కొండలు ఆ కోవలోవే. 1975లో వచ్చిన 'షోలే' చిత్రంలో చూసిన గుండ్లు అవే లెండి. ఆ ఊరికి పాతపేరు క్లోజ్‌పేట. ఆ పేరుతోనే గ్రానైటును పిలుస్తారు. పావగడ, కళ్యాణదుర్గం దిక్కుగా ఉత్తరానికి సాగే ఆ గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల ఏళ్ళు. అంటే మన గోలకొండకు ఈడూజోడూ.

తల్లి, కూతురు, మనవరాలు — మూడు తరాలు లెక్క తేలాయి కదా అనుకున్నాను. బావగారు తల ఊపారు. "ఇంకా చిక్కు ఉంది. కోలారులో విడదీద్దాం."

పెద్దపల్లి బోండాలు

కోలారు జిల్లాలో అడుగుపెడితే చెవికి తెలుగు వినిపిస్తుంది. బంగారు గనులకు తూర్పున ఉన్న పల్లెకు పెద్దపల్లి అని పేరు; పేరే తెలుగు. ఇక్కడి రాయికి కూడా జాతీయ భూగర్భ స్మారకమని గౌరవం ఉంది. అగ్నిపర్వతం విసిరిన ముక్కలూ బూడిదా గట్టిపడిన రాయి ఒకటి. దిండు లావా రెండోది.

దిండు లావా అంటే — కరిగిన రాయి నీళ్ళలోకి చిమ్మితే పైపొర ఠక్కున గడ్డకడుతుంది. లోపల ఇంకా మెత్తగానే ఉంటుంది. పొర చిట్లి మరో ముద్ద బయటికి వస్తుంది. దానికీ పొర కడుతుంది. కాగే నూనెలో బోండా పిండి వేస్తే పైన పెంకు కట్టి లోపల మెత్తగా ఉన్నట్టు. అక్కడ నూనె వేడి, ఇక్కడ నీరు చల్లన, అంతే తేడా. ఇలాంటి రాయి కనిపించినచోట ఒకప్పుడు నీళ్ళున్నాయని ప్రమాణం చేసి చెప్పవచ్చు. సుమారు 270 కోట్ల ఏళ్ళ కిందట ఈ కోలారు మెట్టమీద సముద్రం ఉండేది!

గని ఊరిలో ఒక పెద్దాయన కలిశాడు. గనిలో పనిచేసి విరమించినవాడు. ఎదురుగా గని పిప్పి దిబ్బలు చూపిస్తూ, "యాడనుంచి వస్తిరి సామీ? ఇప్పుడేముంది చూసేదానికి?" అన్నాడు. 1880లో మొదలై, 3 కిలోమీటర్లకు మించిన లోతుదాకా దిగి, 2001 ఫిబ్రవరి 28న మూతపడిన గనులివి. బావగారు చేతిలోని నల్లరాయి చూపిస్తే ఆయన దానిని తడిమి, "మాకు కూడు పెట్టింది ఈ నల్లరాయే సామీ. దీంట్లో తెల్లతీగ తగిలితే బంగారు. నల్లది తప్పి తెల్లబండ వచ్చిందంటే ఇంగ అన్నం లేదు," అన్నాడు. 80 కిలోమీటర్ల పొడవున ఈ నల్లపట్టీ చిత్తూరు జిల్లా చిగురుగుంట దాకా వస్తుంది. శాస్త్రవేత్తలు మైక్రోస్కోపు పెట్టి చూసింది ఆయన అరచేత్తో చూశాడు.

పాత బంగారమా, కొత్త బంగారమా?

ఆ రాత్రి బావగారు చిక్కు విప్పారు. ఇంట్లో కొత్త గొలుసు కనిపించినంతమాత్రాన బంగారం పెరిగిందని అనుకోకూడదు. పాత గాజులు కరిగించి చేయించినదైతే బంగారం పెరిగినట్టా? కొట్లో కొత్తగా కొన్నదైతేనే పెరిగినట్టు. గ్రానైటుకూ ఇదే పరీక్ష. పాత నేల కరిగి వచ్చిన గ్రానైటు రూపు మారిన నేల. కొత్త నల్లరాయి నుంచి వచ్చిన గ్రానైటు పెరిగిన నేల. రెండూ చూడడానికి ఒక్కలాగే ఉంటాయి. మరి తెలిసేదెలా?

గ్రానైటులో జిర్కాన్ అని ఇసుక రేణువంత పలుకులుంటాయి. అది పుట్టేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని గుమ్మం దగ్గరే ఆపుతుంది. యురేనియం కాలక్రమాన సీసంగా మారుతుంది. సగం మారడానికి 447 కోట్ల ఏళ్ళు. కనుక ఇవాళ లోపల ఎంత సీసం ఉందో కొలిస్తే పలుకు పుట్టినరోజు తెలుస్తుంది. పైగా అది మొండిది. రాయి కరిగినా తాను ఒక్కొక్కప్పుడు కరగదు; కొత్త గ్రానైటులో పాత గింజ అలాగే కూర్చుంటుంది, మనవరాలి మెడలో అమ్మమ్మ పూసలా.

కోలారు నల్లపట్టీకి ఇరువైపులా ఉన్న తెల్లరాళ్ళను ఇలా పరీక్షించారు. క్రోగ్‌స్టాడ్, బాలకృష్ణన్, ముఖోపాధ్యాయ, రాజామణి, హాన్సన్ — భారతీయులూ అమెరికనులూ కలిసి చేసిన ఆ పని 1989లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. పట్టీకి పడమట ఉన్న రాళ్ళు 263 నుంచి 255 కోట్ల ఏళ్ళవి. వాటిలో 320 కోట్ల ఏళ్ళకు మించిన పాత నేల ఆనవాళ్ళున్నాయి. తూర్పున ఉన్నవి 253 కోట్ల ఏళ్ళవి. వాటిలో ఆ పాతదనం లేదు. అంటే పడమటిది పాత బంగారం కలిసిన నగ. తూర్పుది కొత్త బంగారం. వేరువేరుగా పుట్టిన రెండు నేలలు, మధ్యనున్న సముద్రం మూసుకుపోయి, ఒకదానికొకటి అతుక్కున్నాయి. గనుల ఊరు ఉన్నది ఆ కుట్టు మీద. ఆ నలుగులాటలో పగిలిన పగుళ్ళ గుండా వేడినీరు పారి, ఆ పెద్దాయన చెప్పిన తెల్లతీగల్లో బంగారం దించింది.

ఇలా తునకకు తునక కుట్టగా దక్షిణాపథం అయింది. ఆ పని ఇంకా ఆగలేదు. అండమాన్ దగ్గర బారెన్ ద్వీపంలో 1991 నుంచి మళ్ళీ మళ్ళీ అగ్నిపర్వతం రాజుకుంటున్నది. అక్కడా సముద్రపు అడుగు తడితో సహా లోపలికి దిగి కొత్త రాతిని పైకి పంపుతున్నది.

తిరుగు ప్రయాణంలో బావగారు ఎక్కువ మాట్లాడలేదు. దారి పక్కన ఒకచోట సగం కోసిన కొండ కనిపించింది. వెనుక ఒకసారి వచ్చినప్పుడు ఆ కొండ పాదాన నల్లరాతిలోకి తెల్లరాయి చొచ్చుకుపోయిన చోటు చూశారట. రెండింట్లో ఏది ముందో ఏది వెనకో చంటిపిల్లవాడికైనా తెలిసేటంత స్పష్టంగా ఉండేదట. ఇప్పుడక్కడ నీళ్ళు నిండిన గొయ్యి ఉంది.

"ఇల్లు కట్టుకోవద్దని అననోయ్," అన్నారు చివరికి. "రాయి లేకుండా ఇల్లెలా వస్తుంది? కొండలన్నీ అలాగే ఉండాలనీ అనను. కానీ దస్తావేజు రాసి ఉన్న కాగితాన్ని పొట్లం కట్టడానికి చింపరు కదా! చింపేముందు ఒకసారి చదవాలి."

హైదరాబాదులో ఈ మాటే చెబుతూ 1996 నుంచి రాళ్ళను కాపాడే సంఘం ఒకటి పనిచేస్తున్నది. కొన్ని గుండ్లకు వారసత్వ సంపదగా గుర్తింపూ దక్కింది. మిగిలినవాటికి మనమే దిక్కు. మీ ఊరి బండను ఈసారి తీరికగా చూడండి. పలుకులు పెద్దవా, సన్నమా? చారలున్నాయా? తెల్లరాతి మధ్య నల్లపట్టీ ఏదైనా ఉందా? ఉంటే పిల్లల చేతిలో రెండు రకాల ముక్కలూ పెట్టి, కళ్ళు మూసుకుని బరువు చూడమనండి. తరవాత సంగతి వాళ్ళే అడుగుతారు.